పాత ట్రాక్టరు, ముందు బకెట్టు

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని రేడియో పెట్టుకునే మీకు ఈ సమయంలో మామూలుగా పాత పాటలో, వంటలో, వీసా సంగతులో వినిపిస్తాయి. ఈ వారం ట్రాక్టరు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒక్క నిమిషం ఆలోచించి, "మన వాళ్ళలో ట్రాక్టరున్న వాళ్ళు ఎంతమందండీ?" అని అడిగారు. నాకు తెలిసే అయిదారుగురు ఉన్నారు. ఊరికి దూరంగా అయిదెకరాలో పదెకరాలో కొనుక్కుని, గోంగూర, బెండ, ఆనప వేసుకుని, మంచు తోసుకోవడానికని ఒక పాత ట్రాక్టరు తెచ్చుకున్న వాళ్ళు. ట్రాక్టరు లేని వాళ్ళు కూడా అలాంటి ఇళ్ళకి భోజనాలకి వెళుతూనే ఉంటారు. పిల్లల్ని తీసుకుని వెళతారు. అందుకని ఈ మాటలు అందరివీ అనుకుంటున్నాను.

నేను వృత్తి రీత్యా కంప్యూటర్ కన్సల్టెంటుని. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం చూసుకుని, ఒహాయోలో కొలంబస్ నుంచి ముప్పావు గంట దూరంలో ఎనిమిదెకరాలు కొన్నాను. దాంతోపాటే ఒక పాత మాసీ ఫెర్గూసన్ 135 కొన్నాను. దానికి ముందు వైపు లోడరు, అంటే రెండు ఇనప చేతులు, వాటి చివర ఒక పెద్ద బకెట్టు. అమ్మినాయన, "గ్రీజు పెడుతూ ఉండు, నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అన్నాడు. ఆ మాటలో మొదటి సగం నేను సరిగ్గా వినలేదు.

ముందు జరిగిన సంగతి చెబుతాను. రెండేళ్ళ క్రితం మా అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. సెప్టెంబరులో లేబర్ డే సెలవుకి ఓ పది కుటుంబాల్ని భోజనాలకి పిలిచాం. పులిహోర, గుత్తివంకాయ అయ్యాక పిల్లలంతా ట్రాక్టరు చుట్టూ చేరారు. ఒకాయన కెమెరా తీసి, "పిల్లల్ని బకెట్లో కూర్చోబెట్టి కొంచెం పైకి లేపండి, ఫొటో బాగుంటుంది" అన్నారు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. అప్పటికే బకెట్లోకి ఒక కాలు వేసేసింది. నేను తాళం చెవి తీసుకుని వెళ్ళి సీటు ఎక్కాను.

మా నాన్న వరండాలోంచి లేచి వచ్చి బకెట్టు ముందు నిలబడ్డారు. "దిగమ్మా" అన్నారు మనవరాలితో. నాతో, "ఇంజను వెయ్యకు" అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు. వచ్చిన వాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క నిమిషం నాన్నా, రెండడుగులు లేపుతాను" అన్నాను. ఆయన కదలలేదు. చివరికి పిల్లలు ట్రాక్టరు పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ రాత్రి నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మరుసటి శనివారం. కూరగాయల మళ్ళలో వేయడానికి వానకి తడిసిన ఎరువు బకెట్టు నిండా ఎత్తాను. కంచె పక్కనున్న ఎత్తు మడిలో పొయ్యాలని బకెట్టుని నా తలంత ఎత్తుకు లేపాను. టప్ మని ఒక చప్పుడు. నా చొక్కా మీదా, బానెట్టు మీదా వేడి నూనె చిమ్మింది. బకెట్టు నేల మీద ఉంది. మధ్యలో ఏం జరిగిందో నేను చూడలేదు. లీవరు మీదున్న నా చెయ్యి కదిలే లోపల అంతా అయిపోయింది. నేల మీద ఆ బరువు పడిన అదురుకి వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

ఇంజను ఆపి కిందికి దిగాను. బకెట్టు అంచు మెత్తటి నేలలో జానెడు దిగి ఉంది. అక్కడ ఎవరూ లేరు. కానీ అయిదు రోజుల ముందు ఆ బకెట్లో మా అమ్మాయి కాలు ఉంది.

నాన్న వచ్చి ముందు నా ముఖం చూశారు, తరువాత పగిలిన పైపు చూశారు. పైపు మీద నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చుట్టింది నేనే. వసంత కాలంలో అక్కడ పైన రబ్బరు అరిగి లోపలి తీగ అల్లిక కనిపిస్తుంటే, ఇనప చేతికి రాసుకుంటోందని తెలిసి కూడా, తరువాత చూద్దాంలే అని టేపు చుట్టాను. ఆఫీసులో ఇలాంటి పని జూనియర్లు చేస్తే నేను మీటింగు పెట్టి మరీ క్లాసు తీసుకుంటాను.

"ఈ టేపు చూసే ఆ రోజు వద్దన్నారా?" అని అడిగాను.

"టేపు చూడలేదురా. టేపు లేకపోయినా వద్దనేవాణ్ణి. అది మనుషులు ఎక్కే చోటు కాదు" అన్నారు. కాసేపాగి ఇంకో మాట చెప్పారు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో మేమంతా ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి వెళ్ళేవాళ్ళం. ఒక ఏడాది నుంచి నాన్న ఉన్నట్టుండి ఎక్కనివ్వడం మానేశారు. కారణం అడిగితే కసిరేవారు. పక్క ఊళ్ళో దమ్ము చేస్తున్న ట్రాక్టరు మడ్‌గార్డు మీంచి ఒక పిల్లాడు జారి పడ్డాడట. నాన్న అప్పుడు ఆ చేలోనే ఉన్నారట. పాతికేళ్ళ తరువాత, ఒహాయోలో, పగిలిన పైపు చేత్తో పట్టుకుని ఆ మాట చెప్పారు. ఆ తరువాత, "పద, పైపు విప్పుదాం" అన్నారు.

ఆ శరదృతువంతా మేమిద్దరం ఆ ట్రాక్టరుని ముందు నుంచి వెనక దాకా చూశాం. ఆయనకి లోడరు కొత్త. నాకు ట్రాక్టరే కొత్త. ఇద్దరం కలిసి నేర్చుకున్నది మీకు చెబుతాను.

మొదట ఆ బండి గురించి రెండు ముక్కలు. మాసీ ఫెర్గూసన్ 135 మోడలు 1964 చివర్లో వచ్చింది, 1970లలో కూడా తయారైంది. మాదాంట్లో ఉన్నది పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల డీజిలు ఇంజను, రెండున్నర లీటర్లది. ట్రాక్టరు బరువు సుమారు ఒకటిన్నర టన్ను. నాన్న మొదటి రోజు దాని శబ్దం వినగానే, "ఇది మన టాఫే కదరా!" అన్నారు. ఆయన పొరబడలేదు. చెన్నైలో 1960లో మొదలైన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ వారి సహకారంతోనే ట్రాక్టర్లు చేసింది. మన ఊళ్ళలో తిరిగిన టాఫే బళ్ళకీ దీనికీ బంధుత్వం ఉంది. డెట్రాయిట్లో ఒకటి, మద్రాసులో ఒకటి పెరిగిన అన్నదమ్ముల బిడ్డలనుకోండి. ఈ జాతి బళ్ళు ప్రపంచమంతా లక్షల్లో తిరిగాయి కాబట్టి విడిభాగాలు ఈనాటికీ సులువుగా దొరుకుతాయి. పాత ట్రాక్టరు కొనాలనుకునే వాళ్ళు రంగు కంటే ముందు చూడవలసింది ఈ సంగతి.

ఇప్పుడు అసలు విషయం. గాలిలో ఉన్న బకెట్టును ఏది మోస్తోంది? చూస్తే ఇనప చేతులు మోస్తున్నట్టుంటుంది. ఆ చేతులు మడత బందు మీద తలుపు లాంటివి, వాటంతట అవి నిలబడవు. వాటిని నిలబెడుతున్నది సిలిండర్లలో ఉన్న నూనె. ఆ నూనె వెనక్కి పోకుండా ఆపుతున్నవి ఒక వాల్వు, కొన్ని రబ్బరు సీళ్ళు, రెండు మూడు రబ్బరు పైపులు. వీటిలో ఏ ఒక్కటి పోయినా బకెట్టు కిందికే వస్తుంది. మీ కారు టైర్లో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 35 పౌండ్లు. ఇలాంటి లోడరు పైపులో అది 2,000 పౌండ్ల చుట్టుపక్కలకి వెళుతుంది.

అందుకని మొదటి పని పైపులు. ప్రతి పైపునీ మొదటి నుంచి చివరి దాకా చూడాలి. పైన పగుళ్ళున్నా, ఉబ్బినా, ఎక్కడైనా ఇనుముకి రాసుకుని అరిగినా, లోపలి తీగ కనిపించినా మార్చేయాలి. టేపు చుట్టడం వైద్యం కాదు, మన కళ్ళకి గంతలు కట్టుకోవడం. హైడ్రాలిక్ పైపు మీద అది తట్టుకునే ఒత్తిడీ, మామూలుగా తయారైన తేదీ కూడా అచ్చు వేసి ఉంటాయి. మా పైపు మీద అక్షరాలే మిగల్లేదు. అదే ఒక సమాధానం. పాత పైపు పట్టుకుని దుకాణానికి వెళితే అదే కొలతకి, అదే ఒత్తిడికి కొత్తది చేసి ఇచ్చారు. రెండు పైపులకీ కలిపి నాకు వంద డాలర్లు దాటలేదు. కొత్త పైపు బిగించేటప్పుడు బకెట్టుని పూర్తిగా లేపి, దించి, వంచి, ఎక్కడా రాసుకోవడం లేదని, బిగుసుకోవడం లేదని చూసుకోవాలి.

పైపు విప్పే ముందు బకెట్టు నేల మీద ఉండాలి. ఇంజను ఆపాలి. తరువాత లీవర్లని అటూ ఇటూ రెండు మూడు సార్లు కదపాలి, లోపల మిగిలిన ఒత్తిడి పోవడానికి. బకెట్టుని గాలిలో ఉంచి దాని కింద దూరి పని చెయ్యడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తప్పదనుకుంటే ఆ లోడరుకి కంపెనీ వారు చేసిన ఇనప ఆనింపులు ఉంటాయి, అవి పెట్టాలి. జాకీలూ, ఇటుకలూ, చెక్క మొద్దులూ లెక్కలోకి రావు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నూనె ఎక్కడో సన్నగా కారుతోంది, ఎక్కడో తెలియడం లేదు. వేలు పెట్టి తడమకండి. ఒక అట్టముక్క తీసుకుని దూరం నుంచి పైపు వెంబడి జరపండి, నూనె పడిన చోట మరక పడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. అంత ఒత్తిడితో సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి దోమ కుట్టినట్టు ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండని చంపుతుంది. అలా జరిగితే రేపటి దాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి, హైడ్రాలిక్ నూనె చర్మంలోకి పోయిందని ఆ మాటే చెప్పాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది.

సిలిండర్లలో మెరిసే కడ్డీలు ఉంటాయి కదా, వాటి మీద తుప్పు మచ్చ గానీ గీత గానీ పడితే, లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా అది సీలుని కోస్తుంది. పని అయ్యాక బకెట్టుని ఎప్పుడూ నేల మీద పెట్టాలి. బరువు దిగుతుంది, ఎత్తే సిలిండరు కడ్డీలు కూడా చాలా వరకు లోపలికి పోయి వానకి తడవకుండా ఉంటాయి. సీలు పోయిందో లేదో తెలుసుకోవడానికి మేము చేసిన పరీక్ష ఇది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, బకెట్టు కొద్దిగా లేపి, ఇంజను ఆపి, సీటు మీదే కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాం. కాస్త కాస్త దిగడం పాత బండికి సహజం. నిమిషంలో అడుగు దిగితే సీలో, వాల్వో పాడైందని అర్థం. హైడ్రాలిక్ నూనె పాలలా తెల్లగా కనిపిస్తే అందులో నీళ్ళు కలిశాయి. ఒహాయో చలికి ఆ నీళ్ళు గడ్డ కట్టి పంపుని తినేస్తాయి. నూనె, ఫిల్టరు రెండూ మార్చాలి.

రెండో సంగతి, ఆ బరువు ఎక్కడికి పోతోంది అన్నది. ఈ ట్రాక్టరుని మొదట చేసింది వెనక నాగలి లాగడానికి. బరువంతా పెద్ద వెనక చక్రాల మీద పడేలా చేశారు. ముందు చక్రాలు బండిని తిప్పడానికే. అలాంటి దానికి మనం ముందు ఒక లోడరు తగిలించాం. ఘనపుటడుగు తడి మట్టి సుమారు 100 పౌండ్లు ఉంటుంది. మా బకెట్లో ఎనిమిది ఘనపుటడుగులు పడుతుంది. అంటే 800 పౌండ్లు. లోడరు సొంత బరువు దానికి అదనం. ఇదంతా ముందు ఇరుసు మీదా, ఆ ఇరుసుని బండికి కలిపే ఒకే ఒక్క నడిమి పిన్ను మీదా పడుతుంది.

మన ఊళ్ళలో పూర్వం బావి దగ్గర ఏతం ఉండేది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్తంభం మీద పెద్ద దూలం, ఒక చివర బాన, రెండో వైపు బరువు. నాన్న నాకు లోడరుని అలాగే అర్థమయ్యేట్టు చెప్పారు. ముందు చక్రాలు ఏతం స్తంభం. బకెట్టు నిండితే వెనక భాగం తేలిపోతుంది. దీనికి విరుగుడు వెనక బరువు కట్టడం. మేము సగం పీపాలో కాంక్రీటు పోసి, సుమారు 500 పౌండ్ల దిమ్మ చేసి, వెనక మూడు చేతుల హిచ్‌కి తగిలించాం. వెనక ఇరుసుకి అవతల వేలాడే బరువు ముందు ఇరుసు మీది భారాన్ని కొంత తగ్గిస్తుంది. వెనక టైర్లలో నీళ్ళలాంటి ద్రవం నింపే పద్ధతి కూడా ఉంది. దాంతో బండి నిలకడగా ఉంటుంది గానీ ముందు ఇరుసుకి మాత్రం ఊరట రాదు. చలి ప్రాంతాల్లో ఉత్త నీళ్ళు నింపకూడదు, గడ్డ కడతాయి.

ఇక్కడే బ్రేకుల సంగతి చెప్పాలి. మా ట్రాక్టరుకి బ్రేకులు వెనక చక్రాలకే ఉన్నాయి. ఈ తరం పాత ట్రాక్టర్లలో చాలా వాటికి అంతే. నిండు బకెట్టుతో, వెనక బరువు లేకుండా పల్లంలోకి దిగుతుంటే వెనక చక్రాలు తేలికైపోతాయి. మీరు బ్రేకు తొక్కుతారు, చక్రం ఆగుతుంది, బండి మాత్రం జారుకుంటూ పోతుంది. బ్రేకు పాడవలేదు, దానికి పట్టు దొరకలేదు. అందుకని వెనక బరువు కూడా బ్రేకులో భాగమే అనుకోండి. ఎడమ, కుడి చక్రాలకి వేరు వేరు పెడళ్ళు ఉంటాయి, దున్నేటప్పుడు మలుపు తిప్పుకోవడానికి. లోడరు పని చేసేటప్పుడూ, రోడ్డెక్కినప్పుడూ ఆ రెండింటినీ కలిపి కొక్కెం వెయ్యాలి. రెండూ సమానంగా పడుతున్నాయో లేదో చదును నేల మీద మెల్లగా పోనిచ్చి చూసుకోవాలి.

ఇక గ్రీజు. నాన్నకి ఇష్టమైన పని ఇది. లోడరు మీద ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, ఒక బుష్షు, ఒక గ్రీజు నిపిల్ ఉంటాయి. పది గంటల పనికొకసారి అన్నిటికీ గ్రీజు కొట్టాలి. ముందు నిపిల్‌ని గుడ్డతో తుడవాలి, లేకపోతే మట్టిని మనమే లోపలికి పంపినట్టవుతుంది. అంచుల్లోంచి పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, కొత్తది కనిపించే దాకా కొట్టాలి. గ్రీజు ఎక్కకపోతే నిపిల్ మూసుకుపోయింది, దాన్ని విప్పి శుభ్రం చెయ్యాలి లేదా మార్చాలి. మేము లెక్క పెడితే మా బండికి ముందు వైపే ఇరవైకి పైగా ఉన్నాయి. నేను కొన్నాళ్ళుగా కొడుతున్నవి పన్నెండే. నాకు తెలియనివాటిలో నడిమి పిన్నుది ఒకటి. బరువంతా మోసేదానికే ఏళ్ళ తరబడి తిండి లేదు!

జాకీతో ముందు భాగం లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టకటక మంటే బేరింగులో గానీ, కింగ్ పిన్నులో గానీ ప్లే వచ్చిందన్న మాట. ముందు టైర్ల పక్కన అది ఎంత బరువు మోస్తుందో, దానికి ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. లోడరున్న బండికి మెత్తటి టైరు పనికిరాదు. ఇనప చేతులు బండికి కలిసే చోట బోల్టులు వదులవుతాయి, అతుకుల దగ్గర సన్నటి పగుళ్ళు వస్తాయి. రంగు మీద తుప్పు గీత కనిపిస్తే దాని కింద పగులుందేమో అనుమానించాలి.

ఇంజను గురించి క్లుప్తంగా. ఈ పెర్కిన్సుకి శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు, శుభ్రమైన ఆయిలు ఇస్తే పేచీ పెట్టదు. దీని ఎయిర్ క్లీనరు కింద గిన్నెలో నూనె ఉంటుంది, గాలి దాని మీదుగా వెళ్ళి దుమ్ము వదిలేస్తుంది. ఆ గిన్నె తీసి, బురద పారేసి, గుర్తు దాకా కొత్త నూనె పొయ్యాలి. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు వదిలేయాలి. డీజిలు పూర్తిగా అయిపోనిస్తే గొట్టాల్లోకి గాలి చేరి, మళ్ళీ పోసినా స్టార్టవదు. ఫిల్టరు దగ్గరా, పంపు దగ్గరా స్క్రూలు వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు పోయే దాకా ఎయిర్ తియ్యాలి. ఈ పని నాన్న కళ్ళు మూసుకుని చేశారు. రేడియేటర్లో మాత్రం ఆయనకి అలవాటైనట్టు ఉత్త నీళ్ళు పొయ్యబోతే నేను ఆపాను. ఇక్కడ యాంటీఫ్రీజు కలపకపోతే జనవరిలో ఇంజను బ్లాకే పగులుతుంది. ఆ ఒక్క రోజు నేను ఆయనకి ఒకటి నేర్పాను!

మరొక మాట. స్టార్టరు పని చెయ్యకపోతే కింద నిలబడి స్క్రూడ్రైవరుతో తీగలు కలిపి స్టార్టు చేసే అలవాటు కొంతమందికి ఉంది. బండి గేర్లో ఉంటే స్టార్టయిన మరుక్షణం మీ మీద నుంచే వెళుతుంది. సీటు మీద కూర్చుని తప్ప ఇంజను వెయ్యకండి.

చివరిగా, బండి తిరగబడటం. ముందు ఇరుసు నడిమి పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, ట్రాక్టరు నిజానికి నిలబడేది మూడు కాళ్ళ పీట మీద, రెండు వెనక చక్రాలు, ఒక పిన్ను. బకెట్టు పైకెత్తి పక్క వాలులో తిరిగితే ఆ పీట ఒరుగుతుంది. అందుకని బకెట్టుని నేలకి ఒక అడుగు ఎత్తులోనే ఉంచి నడపాలి, పొయ్యాల్సిన చోట మాత్రమే లేపాలి. సీటు వెనక నిలబడే గట్టి ఇనప చట్రం, రోల్ బారు అంటారు, స్వీడన్ దేశం కొత్త ట్రాక్టర్లకి 1959లోనే తప్పనిసరి చేసింది. అమెరికాలో జీతానికి పని చేసే వాళ్ళ కోసం ఓషా నియమం 1976 అక్టోబరు తరువాత తయారైన ట్రాక్టర్లకి వర్తిస్తుంది. కొత్త ట్రాక్టర్లన్నిటికీ అది మామూలుగా రావడం 1985 తరువాతే. మనలాంటి వాళ్ళం కొనే పాత బళ్ళు చాలా వరకు అంతకు ముందువి. మాదానికీ లేదు. వెల్డింగు షాపులో చేయించకుండా, ఆ మోడలుకి పరీక్షించి అమ్మేదే కొని పెట్టించాను. కొన్ని రాష్ట్రాల్లో దీనికి రాయితీ ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయి, కనుక్కోండి. రోల్ బారు ఉంటే సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి. రోల్ బారు లేని బండి మీద బెల్టు పెట్టుకోకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. షెడ్డు గోడకి ఒక నోటు పుస్తకం వేలాడుతోంది. ఏ రోజు ఎన్ని గంటలు నడిపాం, ఎప్పుడు గ్రీజు, ఎప్పుడు నూనె, ఏ పైపు ఏ నెలలో మార్చాం, అన్నీ అందులో ఉంటాయి. మొదటి పేజీలో నాన్న తెలుగులో మూడు వాక్యాలు రాసి పెట్టారు. బకెట్లో మనిషి ఎక్కరాదు. బకెట్టు కింద మనిషి నిలబడరాదు. దిగేటప్పుడు బకెట్టు నేల మీద ఉండాలి. మా అమ్మాయి తెలుగు చదవడం నేర్చుకుంటోంది. కూడబలుక్కుని పూర్తిగా చదివిన మొదటి తెలుగు వాక్యాలు అవే.

కిందటి నెల మళ్ళీ కొన్ని కుటుంబాలు భోజనానికి వచ్చాయి. పిల్లలు మళ్ళీ ట్రాక్టరు చుట్టూ చేరారు. ఒక బాబు బకెట్లోకి ఎక్కబోతుంటే నేను లేచే లోపలే మా అమ్మాయి వెళ్ళి, "మా తాతయ్య ఒప్పుకోరు" అని చెయ్యి పట్టుకుని దింపేసింది. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ముఖంలో రెండేళ్ళ కిందటి నా ముఖం కనిపించింది. ఆయన్ని షెడ్డులోకి తీసుకెళ్ళి, గోడకి మేకు కొట్టి పెట్టిన ఆ పగిలిన పైపు ముక్క చూపించాను. టేపు ఇంకా దాని మీదే ఉంది. ఆయన దాన్ని చేత్తో తడిమి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళి వాళ్ళ అబ్బాయిని ఎత్తుకున్నారు.

నాన్న ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. ప్రతి ఆదివారం ఫోను చేస్తారు. ముందు మనవరాలితో మాట్లాడతారు. తరువాత ఫోను నాకిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "గ్రీజు కొట్టావా?" ఈ కార్యక్రమం అవగానే ఆ ఫోను వస్తుంది. ఈ వారం ఇంకా కొట్టలేదు. అందుకని మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.